ఒకటిన్నర అంగుళాల నేరం

"నేనే చంపానమ్మా. ఇంకేం అడుగుతారు?"

లాకప్ గది మూలలో మోకాళ్ళు కౌగిలించుకుని కూర్చున్న ప్లంబర్ తలెత్తకుండానే ఆ మాట అన్నాడు. ఎదురుగా ఇనప స్టూలు మీద కూర్చున్న డిటెక్టివ్ వెంటనే ఏమీ అడగలేదు. ఆమెకు దేనికీ తొందర ఉండదు. అందుకే స్టేషన్లో అందరూ ఆమె వెనకాల నత్తమ్మ అని పిలుచుకుంటారు. ఆ పేరు పెట్టింది ఇన్‌స్పెక్టరే. నత్త మెల్లగా నడిచినా నడిచినంత మేరా గీత వదిలిపెడుతుందన్న సంగతి ఆయనకి తర్వాత తెలిసింది. పోయిన రెండు కేసుల్లోనూ ఆ గీత ఆయన మూసేసిన ఫైళ్ళ మీదుగానే పోయింది.

నత్తమ్మని ఈ కేసులోకి పిలిచింది ప్లంబర్ భార్య. ఆమె బయట వరండాలో క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. నిన్న తెచ్చిన క్యారేజీ మూత తియ్యకుండానే తిరిగి ఇంటికి వెళ్ళిందట.

"ఆయన తప్పు చేశాడో లేదో నాకు తెలీదమ్మా. చేశాననే అంటున్నాడు" అని ఆమె చెప్పింది. "కానీ పక్కింట్లో పంపు కారుతుంటే వెళ్ళి కట్టేసి వచ్చి పడుకునే మనిషి. ఒక ముసలావిడ చావుకి నేనే కారణమని ఒకసారి నమ్మితే ఇక ఆయన బతకడు. అది ఆపండి చాలు."

జరిగింది ఇదీ. ఊరి చివర ఒక ఇంట్లో పెద్దమ్మగారని అందరూ పిలిచే ముసలావిడ ఉండేది. తుంటి విరిగి నడవలేకపోతే, గడప ఎత్తు లేకుండా చక్రాల కుర్చీ నేరుగా లోపలికి పోయేట్టు ఆవిడ పడకగదిలోనే ఒక షవర్ గది కట్టించారు. పైపులు వేసింది ఈ ప్లంబరే. మూడు రోజుల కిందట షవర్ నీళ్ళు పోయే దారి లేక నిలిచిపోయి, పడకగదిలోకి పారి, నేలమీదున్న గది హీటరు ప్లగ్గు బోర్డుని తాకాయి. పెద్దమ్మగారు ఆ నీళ్ళలో కాలుపెట్టింది. కరెంటు ఆవిణ్ణి మళ్ళీ లేవనివ్వలేదు.

"నీళ్ళు పోయే పైపు సన్నంగా వేశాడు" అని ఆవిడ చెల్లెలి కొడుకు ఫిర్యాదు ఇచ్చాడు. ప్లంబర్ "అవును" అన్నాడు. ఇన్‌స్పెక్టర్ ఒప్పుకోలు కాగితం రాయించాడు. ఇక దానిమీద సంతకం పడటమే తరువాయి. సాయంత్రం కోర్టు.

"మేస్త్రీ, నాకు ఈ పని తెలీదు. చెప్పండి. షవర్‌కి ఎంత పైపు వెయ్యాలి?" అని నత్తమ్మ అడిగింది.

పని మాట వినగానే అతని మెడ కొద్దిగా లేచింది.

"రెండంగుళాలు. చేతులు కడుక్కునే సింకైతే ఒకటిన్నర చాలు. అక్కడ పంపు తిప్పుతారు, కట్టేస్తారు. షవర్ అలా కాదు. మనిషి ఉన్నంతసేపూ నీళ్ళు పడుతూనే ఉంటాయి. పైగా జుట్టు, సబ్బు నురగ. గొంతు సన్నదైతే మింగలేదు."

"తెలిసీ ఒకటిన్నర ఎందుకు వేశారు?"

"నేల కింద కాంక్రీటు బీము అడ్డొచ్చింది. రెండంగుళాల పైపు దాని మీదుగా పోతే వాలు దొరకదు. వాలు లేని పైపు ఎంత లావుంటే ఏం లాభం, నీళ్ళు దాంట్లోనే పడుకుంటాయి. బీముని చుట్టి తీసుకెళ్తాను, ఇంకో రెండు రోజులు ఇవ్వండి అన్నాను. ఫిర్యాదు ఇచ్చిన ఆ అబ్బాయిగారు ఒప్పుకోలేదు. దుమ్ముకి పెద్దమ్మ దగ్గుతోంది, అయిందనిపించు అన్నారు."

"మీరు అయిందనిపించారు."

"అయిందనిపించాను. కానీ ఊరికే వదిలెయ్యలేదమ్మా. కింద గొంతు సన్నం కాబట్టి పైన నీళ్ళు తగ్గించాలని చిన్న షవర్ బిగించాను. ఇది మార్చకండి బాబూ, పెద్దది పెడితే నీళ్ళు నిలుస్తాయి అని ఆయనకి మరీ మరీ చెప్పి వచ్చాను."

"ఆయనకే చెప్పారా? పెద్దమ్మగారికి?"

"ఆవిడ నిద్రలో ఉన్నారు. నేనెప్పుడు వెళ్ళినా నిద్రలోనే ఉండేవారు."

"పని అయ్యాక ఆఖరున ఏం చేశారు?"

"జాలీ బిగించాను. నీళ్ళు పోయే కంత మీద ఉంటుందే, ఆ మూత. దానికి రెండు స్క్రూలు. రెండు గాడులూ గోడకేసి చూసేట్టు తిప్పి వదిలాను. అది మా నాన్న నేర్పిన అలవాటు. మళ్ళీ వెళ్ళినప్పుడు గాడి వంకరపోయి ఉంటే, మనం కాక ఇంకెవరో చెయ్యి పెట్టారని తెలుస్తుంది." అతను అరచేతులు చూసుకున్నాడు. "ఒక్క పని మాత్రం ఎగ్గొట్టాను. పైపు కోశాక లోపలి అంచుకి ఆకురాయి పట్టి నున్నగా చెయ్యాలి. బీము పక్కన చెయ్యి తిరగలేదు. గరుకు అలాగే ఉండిపోయింది. ఆ గరుక్కే జుట్టు పట్టుకుని ఉంటుంది. చుట్టలు చుట్టుకుని, దారి మూసుకుపోయి..."

అతను అరచేతులు మోకాళ్ళ కింద దాచుకున్నాడు.

"సంతకానికి తొందరపడకండి" అంటూ నత్తమ్మ లేచింది.

"పెట్టకపోతే మాత్రం ఆవిడ తిరిగొస్తారా?"

ఆమె బయటికి నడిచింది. వరండాలో అతని భార్య క్యారేజీ మీద చెయ్యి వేసుకుని అలాగే కూర్చుని ఉంది. "కాస్త తినమని చెప్పమ్మా" అంది నత్తమ్మ.

"నేను చెప్తే తినేవాడైతే మీ దాకా ఎందుకొస్తాను?"

*

పెద్దమ్మగారి ఇంటికి చేరేసరికి చినుకులు మొదలయ్యాయి. వాకిట్లో చెల్లెలి కొడుకు తెల్లకారు ఉంది. నత్తమ్మ మెట్టు దగ్గర చెప్పులు విడిచింది. పక్కనే ఒక జత నీలం రబ్బరు చెప్పులున్నాయి. వాటిలో ఒకదాని పట్టీ తెగితే రాగితీగతో కట్టుకున్నారు. ఆ కట్టులో ఓపిక కనబడింది.

లోపల పడకగది నిండా జనమున్నట్టు చప్పుడు. ఉన్నది మాత్రం ఇన్‌స్పెక్టర్, ఇద్దరు కానిస్టేబుళ్ళు, నీళ్ళు నింపిన మూడు బకెట్లు.

"ఊరక రారు మహానుభావులు!" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "రండి మేడమ్ గారూ. నడిచే వచ్చారా? అయితే నిన్ననే బయల్దేరి ఉంటారు."

"మొన్న బయల్దేరాను. దారిలో మీరు మూసిన కేసు ఒకటి కాలికి తగిలి ఆగాను."

ఒక కానిస్టేబుల్ దగ్గు నటించాడు. ఇన్‌స్పెక్టర్ అతనికేసి ఉరిమి చూసి, చెయ్యి ఊపాడు. "కానివ్వండి. మేడమ్ గారు కూడా చూస్తారు."

మూడు బకెట్లూ ఒకేసారి షవర్ గది నేలమీద కుమ్మరించారు. నీళ్ళు జాలీ మీద గిర్రున తిరిగి, వెనక్కి తన్ని, గడప లేని ద్వారం దాటి పడకగదిలోకి జరజరా పాకాయి.

"చూశారుగా! మంచం కాలు దాకా వచ్చాయి. బోర్డు ఇదిగో ఇక్కడుంది. ఇంకేం కావాలి? కుండబద్దలు కొట్టినట్టుంది కేసు. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. నిజం కూడా ఆ నీళ్ళే చెప్పేశాయి."

"నీళ్ళు మీరు అడిగినదానికి జవాబు చెప్పాయి" అంది నత్తమ్మ. "మూడు బకెట్లు ఒక్కసారి నెత్తిన కుమ్మరించుకునే ముసలావిణ్ణి నేను ఎక్కడా చూడలేదు. ఆవిడ షవర్ కింద కదా స్నానం చేసేది. షవర్ తిప్పండి."

తల పైకెత్తగానే ఆమె ఆగిపోయింది. పైన ఉన్నది చిన్న షవర్ కాదు. పళ్ళెమంత వెడల్పున్న కొత్తది, ఇంకా మెరుపు తగ్గలేదు.

"ఇది మేస్త్రి పెట్టింది కాదే."

తలుపు పక్కన నిలబడిన చెల్లెలి కొడుకు ముందుకొచ్చాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి. గడ్డం మాసి ఉంది, మాట మాత్రం మాసిపోలేదు. "పెద్దమ్మే అడిగిందండీ. వానలో తడిసినట్టు ఉండాలంది. పోయేముందు ఆ కోరికన్నా తీరింది, అదే తృప్తి."

"మార్చొద్దని మేస్త్రి చెప్పాడట."

"చెప్పే ఉంటాడు. నాకు గుర్తులేదండీ. ఈ పైపుల గోల మనకేం తెలుస్తుంది?"

ఇన్‌స్పెక్టర్ చేతులు చాపాడు. "పైన పెద్దది, కింద సన్నది. చంటిపిల్లాడు కూడా చెప్తాడు లెక్క. మాట వినకపోవడం తప్పే గానీ నేరం కాదు. సన్న పైపు వేసినవాడిదే నేరం."

నత్తమ్మ పంపు పూర్తిగా తిప్పింది. గోడవారన పెద్దమ్మగారి ప్లాస్టిక్ కుర్చీ ఉంది. రబ్బరు చక్రాలు, కాళ్ళు ఆనించుకోవడానికి కింద ఒక పలక. దాన్ని ద్వారం ఇవతలికి లాక్కుని కూర్చుని, జాలీ వంక చూస్తూ ఉండిపోయింది.

నీళ్ళు జాలీ చుట్టూ చేరాయి. అరచేయంత మడుగైంది. పళ్ళెమంత అయింది. అక్కడితో ఆగింది.

ఇన్‌స్పెక్టర్ వాచీ చూసుకున్నాడు. కిటికీ దాకా వెళ్ళి వచ్చాడు. మళ్ళీ వాచీ చూసుకున్నాడు. మడుగు గోరు మందం దాటలేదు, ద్వారం వైపు ఒక్క జాన కూడా జరగలేదు.

"ట్యాంకు ఈ గది నెత్తిమీదే ఉంది" అంది నత్తమ్మ. "అంత తక్కువ ఎత్తునుంచి దిగే నీళ్ళకి బలం ఎక్కడిది? షవర్ ఎంత వెడల్పుంటే ఏం, రాలేవి చినుకులే. ఈ పైపు ఇరుకే. ఇంకో ఇంట్లో అయితే మేస్త్రి భయపడ్డట్టే జరిగేదేమో. ఇక్కడ మాత్రం కష్టంగానైనా మింగుతోంది."

"ఆ రోజు జుట్టు అడ్డుపడి ఉంటుంది."

"ఈ రోజు ఏమైంది ఆ జుట్టు? మీవాళ్ళు తీశారా?"

"మేం జాలీ ముట్టుకోలేదు. వచ్చిన రోజునుంచి గదికి తాళం. పై నుంచి నీళ్ళు పొయ్యడమే." అనేశాక ఇన్‌స్పెక్టర్‌కి తను ఏం అన్నాడో అర్థమైంది. మీసం సవరించుకుని కిటికీ వైపు తిరిగాడు.

*

నత్తమ్మ షవర్ కట్టెయ్యకుండానే ఆయమ్మని పిలిపించింది. పెద్దమ్మగారికి ఐదేళ్ళుగా సేవ చేస్తున్న మనిషి. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి. చీర చెంగు పిండితే నీళ్ళు కారేట్టుంది.

"ఆయమ్మా, ఆ రోజు నువ్వు ఎక్కడ నిలబడ్డావో అక్కడే నిలబడి చెప్పు."

ఆయమ్మ వట్టికాళ్ళతో వచ్చి ద్వారం మధ్యలో నిలబడింది. కుడిచెయ్యి దానంతటదే పోయి పంపు ఇనప పిడిని పట్టుకుంది. ఎడమ చెయ్యి షవర్ కిందికి చాపింది.

"రోజూ ఇంతేనమ్మా. హీటరు వేస్తాను, అమ్మగారికి చలి. పంపు తిప్పి ఇలా పట్టుకుని నిలబడతాను. వేడినీళ్ళు వచ్చేసరికి చాలాసేపు పడుతుంది. చేతికి వెచ్చగా తగిలాక కుర్చీ తోసుకుని లోపలికి తీసుకెళ్తాను. ఆ రోజు పంపు తిప్పాను గానీ తువ్వాలు మర్చిపోయాను. స్పాంజి కూడా కనబడలేదు, అరచేయంత పసుపుపచ్చది, రోజూ ఆ మేకుకే తగిలిస్తాను. సరే, తువ్వాలన్నా తెద్దామని పెరట్లోకి వెళ్ళాను. తీగమీద బట్టలన్నీ గాలికి మెలిపడిపోయి ఉంటే విప్పుతూ ఆలస్యం చేశాను. నేను ఇక్కడే నిలబడి ఉంటే..."

"హీటరు బోర్డు ఎప్పుడూ నేలమీదే ఉంటుందా?"

"లేదమ్మా, కిటికీ గట్టుమీద. ముందురోజే అబ్బాయిగారు కిందపెట్టారు. వైరు కాళ్ళకి తగులుతోందని."

"అదేగా ఇప్పుడు నన్ను తినేస్తోంది" అన్నాడు చెల్లెలి కొడుకు గోడకి తల ఆనించి. "మంచికి పోతే చెడు ఎదురైంది."

"పెద్దమ్మగారు కుర్చీ దిగేవారా? తనంతట తను?"

"అమ్మో, ఎక్కడ! మాత్ర మత్తులో తూగుతూ ఉండేవారు. స్నానమయ్యేదాకా కాళ్ళు ఆ పలకమీదే. కాకపోతే ఆ పొద్దున..." ఆయమ్మ గొంతు తగ్గించింది. "ఆ పొద్దున ఎంత తేటగా ఉన్నారో అమ్మా! నన్ను పేరుపెట్టి పిలిచారు. ఎన్నాళ్ళయిందో అలా పిలిచి. కిటికీ తెరవమన్నారు. అబ్బాయి ఇంటి కాగితాల మీద సంతకం అడుగుతున్నాడు, ఎందుకే అన్నారు. ముందు రాత్రి నేను మాత్ర వెయ్యలేదు."

"ఎందుకు?"

"కొన్నాళ్ళ కిందట రంగు మారింది. తెల్లగా ఉండేది, గులాబీరంగు వచ్చింది. అబ్బాయిగారిని అడిగితే డాక్టరుగారే మార్చారన్నారు. ఎలాగూ రెండు రోజుల్లో డాక్టరుగారు చూడ్డానికి వస్తున్నారు కదా, ఆయన్నే అడుగుతానన్నాను. ఎవరికీ చెప్పకుండా ఆ ఒక్క రాత్రి మాత్రే దాచిపెట్టాను. వేసి ఉంటే అమ్మగారు నిద్రలో ఉండేవారు. నీళ్ళు వస్తున్నాయని కుర్చీ దిగేవారే కాదు. నా చేతులతో నేనే..." ఆమె చెంగు నోట్లో కుక్కుకుంది.

ఈ ఇంట్లో ఒకరి చావుని మొయ్యడానికి ఎంతమంది భుజాలు వంచుతున్నారో అనుకుంది నత్తమ్మ. ప్లంబర్ ఒకడు, ఆయమ్మ ఒకతె. మొయ్యాల్సినవాడు మాత్రం ఇంకా నిటారుగానే ఉన్నాడు.

"నువ్వు తిరిగొచ్చేసరికి?"

"పడిపోయి ఉన్నారు. అరిచాను. అబ్బాయిగారు పరుగెత్తుకొచ్చి మెయిన్ ఆపారు, నీళ్ళు కట్టేశారు. పక్కింటివాళ్ళని పిలుచుకురా అన్నారు. ఆ ఇంట్లో తలుపు తియ్యడానికి ఆలస్యమైంది. వాళ్ళతో వచ్చేసరికి నీళ్ళన్నీ పోయాయి."

"పోయాయా? ఎక్కడికి?"

"ఎక్కడికేంటమ్మా, కంతలోకి."

వరదలా నిలిచిన నీళ్ళు, ఎవరూ ఏమీ చెయ్యకుండానే దారి తెలుసుకుని పోయాయన్నమాట. నత్తమ్మ షవర్ కట్టేసింది.

"ఆ దాచిన మాత్ర ఉందా?"

"ఉందమ్మా. వంటగదిలో నా సంచిలో ఉంది. తెస్తానుండండి."

ఆయమ్మ వెళ్ళింది. నత్తమ్మ చీర కుచ్చిళ్ళు దోపుకుని జాలీ దగ్గర నేలమీద కూర్చుంది. వెనకాల చెల్లెలి కొడుకు ఇన్‌స్పెక్టర్‌తో మెల్లగా ఏదో చెబుతున్నాడు, పాపం ఆయమ్మకి నిద్రలేదని, ఆమె కూతురింటి దగ్గర దింపొస్తానని. సరే వెళ్ళిరమ్మని ఇన్‌స్పెక్టర్ అంటున్నాడు. ఆ మాటలు ఆమె చెవిన పడ్డాయి. మనసుకి మాత్రం ఎక్కలేదు. మనసంతా రెండు స్క్రూల మీద ఉంది.

ఒక గాడి గోడకేసి చూస్తోంది. రెండోది ద్వారంకేసి చూస్తోంది.

"స్క్రూడ్రైవర్."

"మళ్ళీ ఏంటి మేడమ్? గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు?"

"గోటితోనే తీద్దామంటే రావట్లేదు. ఇవ్వండి."

కానిస్టేబుల్ జేబులోంచి చిన్న కత్తి తీసి ఇచ్చాడు. స్క్రూలు తేలిగ్గా తిరిగాయి. ఈమధ్యే విప్పినవాటిలా. జాలీ పక్కన పెట్టి ఆమె పైపు గొంతులోకి చూపుడువేలు దించింది. నున్నగా లేదు. మేస్త్రి చెప్పినట్టే కోసిన అంచు రంపంపళ్ళలా ఉంది. వేలు చీరుకుని రక్తం వచ్చింది. ఆమె వేలు తియ్యకుండా అంచంతా తడిమి, గోటికి చిక్కినదాన్ని పట్టుకుని బయటికి లాగింది.

పసుపుపచ్చ స్పాంజి ముక్క. చింతగింజంత కూడా లేదు.

ఇన్‌స్పెక్టర్ వంగి చూశాడు. నిటారుగా లేచాడు. మళ్ళీ వంగి చూశాడు.

"పిండి పెడితే లోపలికి దూరుతుంది" అంది ఆమె. "తడిసిందా, ఉబ్బి బిరడా అవుతుంది. ముందే జాలీ విప్పి కుక్కి, మళ్ళీ బిగించారు. పని అయ్యాక ఆయమ్మని పక్కింటికి పంపి లాగేశారు. నీళ్ళు దిగిపోయాయి. హడావిడిలో స్క్రూలు వంకరగా తిరిగాయి, గరుకంచుకి ముక్క చిక్కింది. ఆ అంచుకి ఆకురాయి పట్టలేదని అక్కడ ఒక మనిషి అన్నం మానేశాడు. పట్టి ఉంటే ఈ ముక్క మనకి దొరికేది కాదు."

ఇన్‌స్పెక్టర్ కాసేపు నీళ్ళు నమిలాడు. "అంటే... ఆ కుర్రాడు..."

"పైపు సన్నమని మేస్త్రి చెప్పిన జాగ్రత్తే వాడికి ఉపాయం అయింది. నింద మొయ్యడానికి మనిషి ముందే తయారుగా ఉన్నాడు. పెద్ద షవర్ కూడా అందుకే."

ఇన్‌స్పెక్టర్ మంచి మనిషో కాదో నత్తమ్మ ఎప్పుడూ తేల్చుకోలేకపోయింది. కానీ ఆయన ఫోన్ తీసి స్టేషన్‌కి చేసినప్పుడు గొంతులో వెనకటి బింకం లేదు. "ఆ కాగితం ఉందే, పక్కన పెట్టు. సంతకం ఏమీ వద్దు... ఆఁ, నేనే చెప్తున్నాను. బయట వాళ్ళావిడ ఉంటుంది చూడు. క్యారేజీతో సహా లోపలికి పంపు. పైపు తప్పు కాదని చెప్పమను."

ఫోన్ జేబులో పెట్టి ఆయన నిట్టూర్చాడు. "కన్నతల్లిలాంటి మనిషిని చంపడానికి చేతులెలా వచ్చాయో."

నత్తమ్మ వేలికి రుమాలు చుట్టుకుంటూ మళ్ళీ చక్రాల కుర్చీలో కూలబడింది. కాళ్ళు పలకమీద పెట్టుకుంది. కిందికి చూసింది. నేలమీద ఇందాకటి బకెట్ల తడి ఇంకా ఉంది. ఆ తడి ఆమె పాదాలకి జానెడు కింద ఉంది. పలక ప్లాస్టిక్, కుర్చీ ప్లాస్టిక్, చక్రాలు రబ్బరు.

ఆమె కదలడం మానేసింది.

"ఇన్‌స్పెక్టర్ గారూ. నేను ఇప్పుడు పెద్దమ్మగార్ని. మాత్ర వేసుకుని తూగుతున్నాను. గదిలోకి నీళ్ళొచ్చాయి, నీళ్ళలో కరెంటుంది. నాకేమవుతుంది?"

"ఏమవుతుంది... చచ్చిపో..." ఆయన చూపు రబ్బరు చక్రాల మీద ఆగింది. "ఏమీ కాదు."

"ఏమీ కాదు. ఆవిడ కాలు కింద పెట్టదని ఈ ఇంట్లో అందరికీ తెలుసు. మాత్ర వెయ్యలేదని, మెలకువగా ఉందని మాత్రం వాడికి తెలీదు. వాడికి ఆవిడ బతికే ఉండాలి. మత్తులో ఉంచి ఇల్లు రాయించుకునేదాకా బతికే ఉండాలి. గులాబీ మాత్రలు అందుకు. ఆ మాత్రల సంగతి డాక్టరుని అడుగుతానని ఒక మనిషి అంది. ఆ మనిషి రోజూ పొద్దున్నే ఆ ద్వారంలో వట్టికాళ్ళతో నిలబడుతుంది. ఇనప పంపు చేత్తో పట్టుకుని, వేడినీళ్ళు వచ్చేదాకా కదలకుండా."

ఇన్‌స్పెక్టర్ మొహంలో రంగు దిగిపోయింది. "ఆయమ్మ."

"ఉచ్చు ఆమె కోసం పన్నారు. తువ్వాలు మర్చిపోయింది కాబట్టి బతికింది. అందులో పెద్దమ్మగారు పడింది." నత్తమ్మ చప్పున తలుపువైపు చూసింది. "మాత్ర తెస్తానని వెళ్ళింది కదా. ఏది?"

బయట చినుకుల చప్పుడు పెద్దదైంది.

"కూతురింటి దగ్గర దింపుతానన్నాడు" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "నేనే... వెళ్ళమన్నాను."

వంటగదిలో ఆయమ్మ సంచి గచ్చుమీద బోర్లా పడి ఉంది. దువ్వెన, కళ్ళజోడు, మనవరాలి ఫొటో. మాత్ర లేదు. నత్తమ్మ వాకిట్లోకి వచ్చింది. కారు లేదు. అది ఆగిన చోట నేల ఇంకా పొడిగానే ఉంది. చుట్టూ అంతా నల్లగా తడిసి, మధ్యలో కారంత తెల్లటి చోటు. దానిమీద చినుకులు ఇప్పుడిప్పుడే పడి మచ్చలు తేలుతున్నాయి.

"ఇంకా పూర్తిగా తడవలేదు!" అని ఇన్‌స్పెక్టర్ అరిచాడు. "ఎంతో దూరం పోయుండడు. జీపు తియ్యండి!"

"కూతురింటికే వెళ్ళి ఉంటుందేమో సార్, ఇష్టపడే..." అని కానిస్టేబుల్ ఏదో అనబోయాడు.

నత్తమ్మ మెట్టు వైపు చూపించింది. రాగితీగతో ఓపిగ్గా కట్టుకున్న ఆయమ్మ నీలం చెప్పులు, విడిచినవి విడిచినట్టే ఉన్నాయి.

అవి రెండూ చంకలో పెట్టుకుని, తనవి వేసుకోవడం మర్చిపోయి, నత్తమ్మ వానలోకి పరుగెత్తింది.